నీడ మాత్రమే

బంగారుపాళెం గుడిలో
కరెంటు పోయిన పెంతెకొస్తు ఆదివారం.
గమలియేలు అయ్యగారు మెడ తుడుచుకుంటా అన్నారు:
"పస్కా, పర్ణశాలలు, అమావాస్యలు,
అవన్నీ రాబోయే వాటి నీడ మాత్రమే.
నిజం వచ్చినాక నీడతో పనేముంది?"

ముందు చాప మీద
మా అపరంజవ్వ దగ్గింది.
అది దగ్గు కాదని నాకు తెలుసు.

మధ్యాహ్నం తోపుకు నడిచినాం.
తారు చెప్పులకంటుకుంటా ఉంది.
యార్డు దాకా తోతాపురి లారీలు బారులు తీరినాయి.
డ్రైవర్లు చక్రాల నడుమ దూరి పడుకున్నారు,
లారీ ఎంతో, అంత నీడలో.

కాపలా గుడిసెకు చెరుకాకు కప్పు.
కాయ దిగినాక పొయ్యిలోకే పోతుంది.
అవ్వ సంగటి ముద్ద విప్పుతా గొణిగింది:
"మాత్రమేనంట!
ఒక్క పూట ఎండలో కాయ కోసుంటే
ఆ మాట నోట్లోంచి రాదు."

అవ్వకు అక్షరం రాదు.
సువార్త ఆమెకు చెవుల గుండా వచ్చింది.
అధ్యాయాల అంకెలు ఆమెకు ఆనవు,
పండగను బట్టే పేజీ తిప్పుతుంది.

"పిలగోడు రొట్టెలిచ్చినాడే, అప్పుడు పస్కా దగ్గర పడింది.
అందుకే కొండమీద అంత పచ్చిక.
మనకాడ ఆ నెలలో మేక నాకేదానికీ ఉండదు.
గుడి ప్రతిష్ఠ పండగకు చలి.
ఆయన మంటపంలో అటూ ఇటూ తిరిగినాడంటే
ఊరికే తిరిగినాడా?
కప్పుకునేదానికి ఏముండిందో పాపం."

నేను పుస్తకంలో వెతికినాను.
ఉంది, చలికాలమని ఒక్క మాట.
ఎన్నిసార్లు చదివినానో,
ఒక్కసారీ చలెయ్యలేదు.

ఆకు గుడిసెల పండగ మాత్రం అవ్వకు సొంతం.
ఏడు దినాలు సిలోయం నీళ్ళు మోసుకొచ్చి
బలిపీఠం కాడ పోసేవాళ్ళంట, వానల కోసం.
ఆఖరి దినం
ఆ నీళ్ళ చప్పుడు చెవుల్లో ఆరకముందే
ఆయన లేచి కేకేసినాడు, దప్పికైనోళ్ళు రండని.
"ఇంగోనాడు అనుంటే ఎవురు తిరిగి చూస్తారు?
బోరు ఎండినోడి ముందర అనాల, ఆ మాట."

"మరి ఈ పొద్దు పండగ?"
"గోధుమ కోతల పండగ.
దేశదేశాల జనం ఊర్లో దిగినారు గాబట్టే
అన్ని భాషలకూ చెవులు దొరికినాయి."
యార్డు వైపు గడ్డం చూపించింది.
అరవం, కన్నడం, హిందీ,
ఒకే కాయకు మూడు ధరలు.

ఆ పండగలు ఇంకా చేసుకునేవాళ్ళున్నారా అంటే
ముద్ద నోటికాడ ఆపింది.
"ఉండారు. వాళ్ళ పందిట్లో మనం చుట్టాలం.
వడ్డించినాక
పందిరి ఎవురిదో మరిచిపోతే ఎట్ల?"

కాసేపు ఏమీ అనలేదు.
చీమలు మెతుకొకటి లాక్కుపోతా ఉంటే చూసింది.
"నీడుందంటే మాను యాడో ఉండాదని గదా.
మాను కనపడిందని
నీడను నరుకుతారా ఎవురైనా?"

నాకు జవాబు రాలేదు.
అయ్యగారికైతే వచ్చుండేదేమో.

గుడిసె ముందర ఎవరో నిలబడినారు.
లుంగీ, మసి చేతులు, ఖాళీ సీసా.
నీళ్ళని తమిళంలో అడిగినాడు.
అవ్వ కడవ వంచుతానే
మోకాళ్ళు ముడుచుకుని పక్కకు జరిగింది,
ఒక మనిషి పట్టేంత.

"ఉళ్ళ వా నైనా," అనింది,
"ఎండలో నిలబడి తాగొద్దు."