పొల్లు పోకుండా

ఇరవై రెండు మీటల యంత్రం నాది.
లూసియానాలో, రెడ్ రివర్ వంపు తిరిగే చోట,
మూడో అంతస్తు కోర్టు గదిలో
ఇరవై ఏడేళ్ళుగా ఎవరేమన్నా దించుకుంటున్నాను.
దగ్గు, "ఆఁ", "అంటే మరి", సగంలో మింగిన బూతు,
జడ్జిగారి పాత జోకు సైతం
పొల్లు పోకుండా.
మౌనానికి మాత్రం మీట లేదు.

పని నేర్పినావిడ మొదటి వారమే చెప్పింది:
"ఓజెల్లా, నువ్వు చెవివి. కన్నువి కాదు."
అంతకుముందు ఆ కుర్చీలో
మా రంగు మనిషెవరూ కూర్చోలేదు కనక
మారు మాట్లాడలేదు. చెవినే అయ్యాను.

డెమెట్రిక్ గిల్యార్డ్ కేసు ఆగస్టులో వచ్చింది.
ఇరవై ఒక్కేళ్ళు. టైర్ల షాపులో పని.
పోలీసు మీద చెయ్యి చేసుకున్నాడని అభియోగం.
దవడ విరిగింది మాత్రం అతనిది.
కట్టిన తీగలు విప్పి నెల కాలేదు,
మాట ఇంకా ఒక పక్కనించే వస్తోంది.

ముందు అతని సంగతే చెబుతాను,
వరుసలో అతను తర్వాతే అయినా.
"అప్పుడు నీ కుడిచెయ్యి ఎక్కడుంది?" ప్రాసిక్యూటర్ అడిగాడు.
కుర్రాడు గుర్తు చేసుకున్నాడు.
నాలుగు సెకన్లు.
"ముద్దాయి తటపటాయించాడని రికార్డు చెయ్యండి."
చేశాను. రెండువందల రెండో పేజీ, తొమ్మిదో వరుస.
బ్రాకెట్లలో పెట్టాను,
బోనులో పెట్టినట్టు.

దానికి ముందురోజు ఆఫీసర్ వికర్స్.
బూట్లకి కొత్త పాలిష్.
నీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపుకున్నాడు.
డిఫెన్సు లాయరు చిన్నపిల్ల, ఆ వారం ఆమెకది ఆరో కేసు,
కాగితాలు చేతిలోంచి జారిపోతున్నాయి.
"మీ ఛాతీ మీది కెమెరా
పదకొండు నిమిషాలు ఎందుకు ఆగింది?"

ఆయన నావైపు చూశాడు.
ఎందుకో నావైపే. నా వేళ్ళవైపు.
ఏసీ గొణిగింది.
ఎవరో పిప్పర్మెంటు కాగితం విప్పబోయి
చప్పుడుకి సిగ్గుపడి మానేశారు.
మీటల మీద వేళ్ళు ఆనించి కూర్చున్నాను,
పాలు పొంగుతాయేమోనని చూసినట్టు.
పంతొమ్మిది సెకన్లు.
లాయరు పిల్లకి ఆ మాట చెప్పాలని తట్టలేదు.
ఎవరూ చెప్పకపోతే నేను రాయకూడదు.

"బ్యాటరీ అనుకుంటానండీ."

ప్రశ్న. కింద జవాబు.
మధ్య ఒక మామూలు ఖాళీ,
"మీ పేరు?" అన్నదానికీ
"వికర్స్" అన్నదానికీ మధ్య ఉన్నంతే.

మౌనం అర్ధాంగీకారమంటారు.
ఆ సగం ఎవరి పద్దులో రాసుకోవాలో
ఎవరూ చెప్పరు.

కుర్రాడికి నాలుగేళ్ళు పడింది.
సెకనుకొకటి. ఈ లెక్క నేను వేసింది కాదు,
అలా కుదిరింది.
వికర్స్ మీది ఫిర్యాదు వేరే గదిలో, వేరే మనుషుల ముందు.
వాళ్ళు చదివినవీ నా కాగితాలే.
"సూటిగా, తడుముకోకుండా జవాబిచ్చాడు" అని రాశారు.
నా కాగితం ప్రకారం అది నిజమే.

అక్టోబరులో ఎర్లీన్ గిల్యార్డ్
కౌంటరు దగ్గరికి వచ్చింది. ఆ కుర్రాడి తల్లి.
ఆస్పత్రి వంటగది బ్యాడ్జి ఇంకా మెడలోనే ఉంది.
పేజీకి ఇంతని చెప్పాను. మొత్తం మూడువందల పన్నెండు.
పెదవులతో లెక్క వేసుకుని
"ఒక్కటి చాలు" అంది.
ఏదని నేనడగలేదు.
నూట పద్నాలుగు తీసిచ్చాను.

నిలబడే చదివింది.
వేలు ప్రశ్న చివరిదాకా వచ్చి, జవాబు దగ్గరికి పోలేదు.
మధ్యలోని తెల్లదనం మీద బొటనవేలు ఆనించి
"ఇక్కడ" అంది.
"నేను లెక్కపెట్టాను. పదిహేడు."

కాగితం అడుగున నా సంతకానికి గీత.
దాని మీద చిన్న అక్షరాల్లో
ఇది యథాతథం, సంపూర్ణం అని.
ఎప్పుడూ చదవకుండానే పెడతాను.

"పంతొమ్మిది," అన్నాను.
వెనక బల్ల దగ్గరి క్లర్కు
తలెత్తి చూసేంత గట్టిగా.