కస్టమ్స్ ఫారం

చర్చి కింది గదిలో ఉన్నది ఒకటే బల్ల.
మంగళవారం రాత్రి దాని చుట్టూ కూర్చుని
ఒక్కొక్కరం పేరు చెప్పి, తాగుబోతునని ఒప్పుకుంటాం.
శనివారం పొద్దున అదే బల్ల మీద
సైనికులకి పెట్టెలు కడతాం.
కాఫీ కప్పులు వదిలిన గుండ్రటి మరకల మీదే
టేపు పరుస్తాం.

నెబ్రాస్కాలో ఫిబ్రవరి.
ప్లాట్ నది సగం గడ్డకట్టి, సగం ఇంకా మనసు తేల్చుకోక.
నా చేతులు వణకడం మాని పదకొండు నెలలు.
ఇప్పుడు వణికితే అది చలికే.

మార్లిస్ జాబితా చదువుతుంది:
మేజోళ్లు, పొద్దుతిరుగుడు గింజలు, పెదాలకి రాసుకునే మైనం.
ఆమె నన్ను క్షమించిందో లేదో నేనడగలేదు.
ఇంటి తాళంచెవి మాత్రం తిరిగిచ్చింది,
చేతికి కాదు, బల్ల మీద పెట్టి.

మేజోళ్లు సర్దడం నాకెవరూ నేర్పక్కర్లేదు.
ఇరవయ్యేళ్లు వాటి మధ్యే సీసాలు దాచాను.
గాజు నోరెత్తకుండా ఎలా చుట్టాలో
ఈ కౌంటీలో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు.
డెల్బర్ట్ పడీపడీ నవ్వాడు.
"దేవుడు దేన్నీ పారెయ్యడయ్యా,
నీ దొంగబుద్ధిని కూడా" అన్నాడు.

కొరీన్ ఎక్కడో ఎడారిలో లారీలు బాగుచేస్తోంది.
అది సైన్యంలో చేరిన రోజు
విమానాశ్రయానికి తీసుకెళ్లింది పాస్టర్ లింద్‌క్విస్ట్.
నేను గోదాం వెనక, పికప్పులో,
స్టీరింగ్ మీద తలపెట్టి ఉన్నాను.
ఇంజను ఆన్‌లోనే ఉందట. అదీ నాకు తర్వాత చెప్పారు.

ప్రతి పెట్టెకీ ఒక ఫారం.
లోపల ఏముంది? మేజోళ్లు, ఆరు జతలు.
విలువ? పద్నాలుగు డాలర్లు.
పంపేవారు ఎవరు? ఇక్కడ పెన్ను కాసేపు ఆగింది.
చివర చిన్న అక్షరాల్లో ఇంకో ప్రశ్న:
అందకపోతే ఏం చెయ్యమంటారు,
తిప్పి పంపాలా, వదిలెయ్యాలా?
పోస్టాఫీసులో నా వెనక ఎనిమిదిమంది ఉన్నారు.
ఎవరూ దగ్గలేదు.
తిప్పి పంపండి, అని గీత పెట్టాను.
కావాలంటే వందసార్లు తిప్పి పంపండి.

నాకు పెద్ద ప్రార్థనలు రావు.
యుద్ధం ఎవరు గెలవాలో ఆయనకి నేను చెప్పేదేముంది.
ప్రభువా, అది లారీ కింద పడుకుని బోల్టు బిగించేటప్పుడు
జాకీ జారకుండా చూడు.
అంతే. ఆమేన్.
రోజూ ఇదే, అన్నానికి ముందొకసారి,
దాహం వేసినప్పుడల్లా ఒకసారి.

ఈస్టర్‌కి ముందు గురువారం
పాస్టర్ నడుముకి తువ్వాలు చుట్టి, పళ్లెం పట్టుకుని
వరసగా అందరి పాదాలూ కడుగుతూ వచ్చాడు.
నా వంతుకి కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాను.
బొటనవేలి దగ్గర మేజోడు చిరిగింది.
దేశదేశాలకీ మేజోళ్లు పంపేవాణ్ణి, నా గతి ఇది.
ఆయన లేవలేదు. మోకాళ్ల మీదే ఉన్నాడు,
నీళ్లు చల్లారేదాకా.
చివరికి నేనే చాపాను.

ఏప్రిల్‌లో ఒక రాత్రి మూడింటికి ఫోన్.
గరగర. గాలి. తర్వాత దాని గొంతు:
"నాన్నా, నాది ఏడో నంబరు. నువ్వు పంపినవి పదకొండు."
ఏం చెప్పను?
కన్నబిడ్డ పాదం ఎంతో తెలీని తండ్రిని.
"మావాళ్లకి పంచేశాను. గింజలు నేనే తినేశాను," అంది.
ఇంకేదో అనబోయింది. లైను తెగింది.

చీకట్లో కాగితం దొరక్క
అరచేతిలో రాసుకున్నాను, గట్టిగా, నల్లసిరాతో.

మంగళవారం బల్ల దగ్గర డెల్బర్ట్ అది చూశాడు.
మొహం పాలిపోయింది. గొంతు తగ్గించి అడిగాడు:
"ఏడేంటి? మళ్లీ మొదట్నుంచా నీ లెక్క?
ఏడో రోజా?"

కాదు, అన్నాను.
మా అమ్మాయి కాలి కొలత.