కొలతకు రానివి

ఒబ్దూలియా వేలిని ఫోను గుర్తుపట్టదు.
యాభై రెండేళ్ళు గొర్రు పట్టి
గలీసియా ఉప్పుకయ్యలో మోకాలి లోతున నిలబడి
ఇసకలోంచి గుల్లలు తవ్విన చేతికి
గీతలెక్కడ మిగుల్తాయి?
మళ్ళీ ప్రయత్నించండి, అంటుంది ఫోను.
"ఎవరితో అనుకుంటున్నావ్?" అంటుంది ఆవిడ,
బొటనవేలు స్వెట్టరుకి తుడిచి మళ్ళీ పెడుతుంది.

ఎవరూ కూచోబెట్టి పాఠం చెప్పలేదు.
రొట్టెల కొట్టు పిల్ల ఒకరోజు అక్షరాలు పెద్దవి చేసిపెట్టింది.
బస్సు డ్రైవరు, ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు,
వెలుతురు తగ్గించడం చూపించాడు.
తక్కినదంతా తప్పుల్లోంచే.
ఓసారి టార్చి వెలిగి, ఆర్పడం తెలీక
రాత్రంతా దాన్ని చక్కెర డబ్బాలో పడుకోబెట్టింది.
ఓసారి పశువుల డాక్టరుకి ముద్దు బొమ్మ వెళ్ళిపోయింది.
ఆయన మర్యాదగా ఒక ఆవు బొమ్మ పంపాడు.

గుల్లలు పట్టేవాళ్ళం, మా అందరి నడుముకీ
ఒక కొలత చట్రం వేలాడుతుంటుంది.
అందులోంచి జారిపోయిన గుల్లని
ఇసకకి తిరిగిచ్చేయాలి.
అది చట్టం. చట్టం కంటే ముందు మర్యాద.
నేర్చుకోవడమూ అంతేనంటుంది ఒబ్దూలియా:
"నిన్నటిది ఇవాళ లేదా, పోనీ.
ఇంకా కొలతకి రాలేదు.
పెరిగాక అక్కడే దొరుకుతుంది."
దొరికేది కూడా, వారానికో పదిరోజులకో.

ఆటుపోట్ల పట్టికని మాత్రం నమ్మలేదు.
ఐదూ ఇరవైకి నీళ్ళు తీస్తాయని ఫోను చెబితే
గుమ్మంలో నిలబడి గాలి వాసన చూసి
"ఐదున్నర" అనేది.
ఎవరు నెగ్గారో కొన్నాళ్ళు లెక్క రాశాను,
తర్వాత మానేశాను.

ఫిబ్రవరిలో జరిగిందది.
తుంటి ఆపరేషనై ఇంట్లో ఉండిపోయిన షెనెరోసా
ఫోన్లో మా గుంపులో ఇంకా ఉంది గానీ
పలికేది కాదు.
ఆ పొద్దున అందరికీ ఒక గొంతు సందేశం:
నలభై ఏడు సెకన్లు, ఒక్క మాట లేదు.
ఒబ్దూలియా జేబులో ఏదో నొక్కుకుపోయింది.
గొర్రు ఇసకని చీరే గరగర,
బకెట్లో గుల్లల టకటక,
బురదలోంచి బూటు ఊడే చప్పుడు,
ఎవరిదో దగ్గు. నాదే.
మేం పగలబడి నవ్వాం. ఆవిడ సిగ్గుపడి
చెరపడం ఎలాగా అని వెతుక్కుంటుండగా
షెనెరోసా నుంచి, మూడు నెలల్లో మొదటి మాట:
"ఇంకోటి."

జేబు చేసిన పని చేతికి తెలీదు.
ఆ మధ్యాహ్నమంతా బోర్లించిన పడవ మీద కూచుని
కొత్త ఇంట్లో చీకట్లో మీట తడుముకున్నట్టు
ఒక్కొక్కటే నొక్కి చూసింది.
కెమెరా వచ్చింది. లెక్కల యంత్రం వచ్చింది.
పశువుల డాక్టరుకి మళ్ళీ ఫోనెళ్ళింది, క్షమించమంది.
పొద్దుగూకే వేళకి చిన్న మైకు బొమ్మ.
నొక్కిపట్టి, ఫోనుని నీళ్ళ వైపు చాచి,
ఊపిరి బిగబట్టింది.

రేపటికి గుర్తుంటుందా, అని అడిగాను.
గుల్లని చట్రంలో పెట్టి చూసినట్టు
బొటనవేలు పైకెత్తి ఓసారి చూసుకుంది.
"ఇది ఆగింది," అంది.