లోపాల చిట్టా

వాడి చూసి లోపాలు రాయమన్నారు కదా,
రాస్తున్నాను.

ముందుగా దిక్సూచి.
తూర్పును పట్టుకుని ఉత్తరం అంటోంది.
నాకేం ఇబ్బంది లేదు. ట్రాము నడిపేదాన్ని,
పట్టాలు ఎటు పోతే అటే నా ఉత్తరం.

నా పేరు నోర్జిమా. ఊరు ఉలాన్ ఉదె.
రెండో నంబరు ట్రాము, ఎక్కువగా తెల్లవారు షిఫ్టు.
ఫోనుకి ఆరేళ్లు.
చేసిన కంపెనీ ఎప్పుడో చేతులు దులుపుకుంది,
రోజుకోసారి మాత్రం మరవకుండా పలకరించేది:
కొత్తది కొనుక్కోండి, వాయిదాల మీద.
నా జేబులో కూర్చుని నాతోనే బేరం.

డిపోలో బ్రేకులు చూసే సోల్బోన్ అన్నాడు,
"ఒళ్లు గట్టిదే అక్కా, ప్రాణం మార్చేద్దాం."
తాళం తీయమని అర్జీ పెడితే
వారం ఆగమంది కంపెనీ.
నా డబ్బు పోసి కొన్నదాని తలుపు
నేను తెరుచుకోవడానికి.
ఆ వారం మైనస్ ముప్పై ఎనిమిది.
తీగల మీద మంచు చిట్లి
ట్రాము నెత్తిన నీలం నిప్పులు రాలేవి.

ఆ వారమంతా ఎంపికే.
ఒకటి దూదిపింజంత తేలిక, కెమెరా మాత్రం గుడ్డిది.
ఒకటి నెలనెలా తాళాలు మార్చే కాపలావాడు,
నా మోడల్ పేరు వింటే మొహం తిప్పుకుంది.
సోల్బోన్ ఆకాశానికెత్తింది మరొకటి,
తిరునాళ్లలో రంగులరాట్నంలా ఉంది,
తిప్పేవాడు వదిలేసి వెళ్లి రెండేళ్లయింది.

అన్నిటికీ అడుగున మీది.
బొమ్మల్లేవు. మూడు ముక్కలు:
నిలకడగా నడుస్తుందని హామీ ఇవ్వను.
మీ డేటాకి మీరే బాధ్యులు.
బుర్యాత్ భాష చేర్చాను, అనువాదం నాదే.

అక్కడ ఆగిపోయాను.

మీకు తెలియంది కాదు. రష్యన్‌లో లేని అక్షరాలు
మూడున్నాయి మనకి:
ఒకటి పంగలకర్ర, ఒకటి మొలతాడు కట్టిన గుడ్డు,
ఒకటి వీపున్న కుర్చీ.
మెసేజీల్లో వాటి బదులు ఏదో ఒకటి కొట్టి
సర్దుకుపోతూ వచ్చాం, పళ్లూడిన నోటితో మాట్లాడినట్టు.
"హర" అని చంద్రుణ్ణి రాయాలంటే ముందు కుర్చీ వెయ్యాలి.
పాలకీ కుర్చీ వెయ్యాలి, రాత్రికీ వెయ్యాలి.
నా ఫోన్లో ఇన్నేళ్లూ
చంద్రుడు నిలబడే ఉన్నాడు.

ఎక్కించిన రాత్రి వంటింటి బల్ల మీద
ఛార్జి ఎనభై. కేబుల్ కదిలితే ఇక ఇటుకే అని
పిల్లిని పక్క గదిలో పెట్టి గడియ వేశాడు సోల్బోన్.
లోపలున్నదంతా ముందు తుడిచెయ్యాలి.
ఫొటోలు దాచాను, నంబర్లు దాచాను.
ఒక గొంతు దాచడం మరిచాను.
మా అన్నయ్యది, ఏడు సెకన్లు,
"ఫోనెత్తవేం?" అని.
అది మీ లోపం కాదు. చిట్టాలో రాస్తున్నానంతే.

పదకొండు నిమిషాలు నల్లటి తెర.
టీ చల్లారి మీగడ కట్టింది.
సోల్బోన్ గోళ్లు కొరుక్కుంటూ
నీ కొత్త ఫోనుకి సగం నేనిస్తాలే అన్నాడు.
అప్పుడు వెలిగి, "మెండే" అంది.
ఇరవై మూడేళ్లుగా యంత్రాల మధ్య బతుకుతున్నాను,
ఒక్కటీ నన్నలా పలకరించలేదు.

బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు.
తాళం తీసిన ఫోన్‌ని నమ్మదట.
జీతం రోజున వెళ్లి వరసలో నిలబడుతున్నాను.
చలికి ముప్పై శాతం దగ్గరే చచ్చిపోతోంది,
చొక్కా లోపల పెట్టుకుంటే మళ్లీ బతుకుతుంది.

అలారానికి మీరు పెట్టిన మాట,
మీరే వైపు వాళ్లో గానీ,
మా వైపు గొర్రెల్ని అదిలించడానికి వాడతాం.
రోజూ నాలుగింటికి
మంద మధ్యలోంచి లేస్తున్నాను.
దాన్ని మార్చకండి.

దిక్సూచికి తొందరేం లేదు.
కానీ ఇంకొకటుంది, ఇందాక మరిచాను:
నేను మాట్లాడుతుంటే అవతలివాళ్లకి
గొంతు ఎక్కడో కొండ వెనకనుంచి వస్తున్నట్టుందట.
మైకు అనుకుంటాను.
అదొక్కటీ కాస్త చూడండి.