ముప్పై గ్రోషుల కప్ప

వావుబ్జిహ్‌లో ఒక నేలమాళిగ దుకాణం.
మూలన చెప్పుల పెట్టె, అందులో
ఎవరికీ అక్కర్లేని కార్డులు కొన్ని వందలు.
ఒక్కోటి ముప్పై గ్రోషులు.
"ఏరుకో యాగొదా," అన్నాడు జెమొవిత్
టీలో నిమ్మకాయ పిండుకుంటూ,
"నాలుగు కొంటే ఐదోది కొసరు."

పగలంతా నా పని కప్పులు వినడం.
పింగాణీ అంచు మీద గోటితో తడితే
మంచిది ఖంగుమంటుంది,
బీటున్నది బొంగురుగా దగ్గుతుంది.
దగ్గినవన్నీ రెండో రకం బుట్టలోకి.
ఇరవై రెండేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది?
తీసిన ప్రతి కార్డునీ గోటితో తట్టాను.
ఏదీ ఏమీ పలకలేదు.

అప్పుడు దొరికింది బురద కప్ప.
పగలు కప్పు, సాయంత్రం కప్ప,
కొమ్ముకీ తలకట్టుకీ ఉన్నంతే తేడా.
బలం సున్నా. ఓర్పు నాలుగు.
గీసినవాడికి కూడా దాని మీద మనసు లేదు,
ఒక కన్ను పెద్దదైపోయింది.
బరిలోకి దిగాలంటే ఐదు దీపాలు వెలగాలి.
"అంతసేపు ఎవడు బతికుంటాడు?" అని
వెనక నుంచి ఎవరో కుర్రాడు.
అడుగున చీమతలకాయంత అక్షరాల్లో:
నీ చెత్తకుప్పలో పడి ఉన్న
ఒక్కో కార్డుకీ దీనికి ఒక్కో బలం.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను.

ఇక మిగతా కట్టంతా దానికోసమే.
పుట్టీపుట్టగానే చచ్చే చీమలు,
కట్టిన ఇంటిని తనే కూల్చుకునే మేస్త్రీ,
ఒక్క దెబ్బ ఆపి కూలబడే మట్టిగోడ,
నా చేతిలోవి నాచేతే పారేయించే గాలివాన.
ఇవి గెలవడానికి కాదు,
పోవడానికి.
దీపాలు జెమొవిత్ ఊరికే ఇచ్చాడు,
మూలలు నలిగినవి, ఒకదాని మీద కాఫీ మరక.
అంతా కలిపి తొమ్మిది జ్లోటీలు.
వంటింటి బల్ల మీద పేర్చి చూస్తే
ఒక కప్ప తక్కువ.
ఆట నాలుగు ఒప్పుకుంటుంది,
పెట్టెలో మూడే దొరికాయి.

శుక్రవారం నా ఎదుట కయెతాన్. పదహారేళ్లు.
వెనక నుంచి మాట్లాడిన కుర్రాడు వీడే.
అద్దాల్లాంటి తొడుగుల్లో మెరుపు డేగలు,
ఒక్క డేగ ఖరీదు నా నెల కరెంటు బిల్లు.
మొదటి ఆట నాలుగు నిమిషాల్లో పోయింది,
నేనింకా మూడో దీపం దగ్గరే ఉన్నాను.
రెండో ఆటలో అతను చంపుకుంటూ పోయాడు,
నేను కానివ్వమంటూ పోయాను.
చీమ. గోడ. మేస్త్రీ. ఇంకో చీమ.
పద్నాలుగు. పదహారు.
ఐదో దీపం.
కప్పని నెమ్మదిగా దించాను,
సాసరు మీద కప్పు పెట్టినట్టు.
అతను వంగి చదివాడు, పెదాలు కదుపుతూ.
మళ్లీ చదివాడు.
చెవులు ఎర్రబడ్డాయి.

మూడో ఆట ఓడిపోయాను.
కప్ప రానేలేదు, కట్ట అడుగున
మూడూ ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి.
సరే.

మళ్లీ శుక్రవారానికి పిల్లలందరికీ కప్పే కావాలి.
గాజు బీరువాలో, తాళం వెనక,
ఎక్కడినుంచి తెప్పించాడో ఒక బురద కప్ప.
తొమ్మిది జ్లోటీలు.
"నేనేం చేయను, అడుగుతున్నారు,"
నా వంక చూడకుండా జెమొవిత్.
"మీ మూడూ ఇచ్చేయండి, ఇరవై నాలుగిస్తా,"
కయెతాన్, ఈసారి గౌరవంగానే.
లెక్క నాకూ వచ్చు.
వద్దన్నాను.
బీరువాలోది చూపించి
వాయిదాల మీద ఇస్తావా అనడిగాను.
జెమొవిత్ నవ్వాడు.
నేను నవ్వలేదు.

బస్సుకింకా పదకొండు నిమిషాలుంది.
చెప్పుల పెట్టె దగ్గరికి లాక్కున్నాను.