కొక్కేల గది

గంట మోగింది. ఎనిమిది నిమిషాలు.
ఎర్ర తోలు బల్లల మీంచి ముసలి మోకాళ్లు లేచాయి
ఒకటొకటిగా, నూనె లేని తలుపుల్లా.

నేను కోట్ల గదిలో ఉన్నాను. హెస్టర్ అంటారు నన్ను.
పంతొమ్మిదేళ్లుగా ఈ ప్రభువుల గొడుగులు ఆరబెడుతున్నాను.
ప్రతి కొక్కేనికీ ఒక పేరు పలక,
పలకకి రెండు ఇత్తడి మరలు.
పొద్దున్నే పై అధికారి స్క్రూడ్రైవర్ ఒకటి ఇచ్చి వెళ్లాడు,
దేనికో చెప్పకుండా.

వారసత్వపు కుర్చీలు ఇక చాలా, వద్దా?
చాలనుకుంటే కుడి నడవ, కాదనుకుంటే ఎడమ నడవ.
ఇక్కడ ఓటంటే నడక.

పెన్‌హేలో ప్రభువుకి తొంభై ఒకటి. ఎడమ చెవి పనిచేయదు.
తాతలు తాగిన నేతి వాసన
ఇంకా మూతికి చూపించుకునే వంశం.
ఆయన కుడి నడవలోకి వెళ్లాడు.
పొరపాటేమోనని ద్వారపాలకుడు మోచేయి పట్టుకున్నాడట.
విదిలించుకున్నాడట.

కోటు కోసం వచ్చినప్పుడు అడిగాను, ఎందుకండీ అని.
వినపడలేదు. లేదా వినపడింది.
"ఆ పలక నేను తీసుకుపోవచ్చా?" అన్నాడు.
ప్రభుత్వ సొత్తు, రసీదు మీద సంతకం కావాలన్నాను.
ముందు బిరుదు రాశాడు,
కొట్టేశాడు,
కింద చిన్నప్పటి పేరు: డెంజిల్.
అలవాటు తప్పిన అక్షరాలు, వరస తప్పి, పెద్దవిగా.

మొదటి మర తేలిగ్గానే వచ్చింది.
రెండోది చిలుము పట్టి కదల్లేదు.
కిటికీలో థేమ్స్ నల్లబడుతోంది.
ఆయన కోటు తొడుక్కుని, ఒక చేతి తొడుగు వేసుకుని
నిలబడే ఉన్నాడు,
నేను తిప్పుతూనే ఉన్నాను.