ఆఖరి కుప్ప

బాదేపల్లి యార్డుల రాత్రి ఎనిమిది దాటింది.
బుడ్డల కుప్పలు నలభై ఒకటి.
తక్‌పట్టీ మాత్రం ఒక్కటే వచ్చింది.
దాన్ని కక్కిన ప్రింటరు
నాకేం తెలవదన్నట్టు పచ్చ లైటు వేసుకొని కూసుంది.

షెడ్డు కింద తువ్వాలలు పరుచుకున్నోళ్ళు
నా కిటికీ దిక్కే చూస్తున్నరు.
సెక్రటరీ సారు ఫోన్ల ఎవరితోనో
"మిషను పిల్ల చూస్తున్నది, ఐదు నిమిషాలు" అంటుండు.
మిషను పిల్లను నేనే.
నాకంటే ముందటాయన పెర్ల్‌ల రాసి పోయిన ప్రోగ్రాము,
ఊరి పేరు లేని ఉత్తరం లెక్క,
ఎక్కడా ఒక్క వివరం ముక్క లేదు.
మొన్నటిదాక మంచిగనే నడిచింది.
నిన్న నేనే ఒక లైను ముట్టుకున్న.
నేరుగ లూపుల పడే జవాబును
చూడనీకె చక్కగుంటదని
ముందు ఒక పేరుల పట్టిన.

దడువాయి ఉసేనప్ప వచ్చి
చాయ్ గ్లాసు కీబోర్డు పక్కన పెట్టిండు.
ఏమైందమ్మా అన్నడు. ఏమని చెప్పాలె?
"తాతా, ఇయ్యాల యార్డుకు ఏమొచ్చిందంటే
నువ్వేం చెప్తవు?"
"అడిగిందెవరు?"
ఎదురడిగి నవ్విండు.
"ఖరీదుదారు ఒక్క వేలు లేపి అడిగితే
నలభై ఒకటి అంట, అయిపాయె.
హమాలీ మేస్త్రి రిజిస్టరు తెరుచుకొని అడిగితే
గంగాపూర్ చెన్నమ్మ, మిడ్జిల్ బాలకిష్టయ్య, వాని తమ్ముడు,
అట్ల కొస దాక చదువుత.
నోరు నాదే బిడ్డా,
చాపిన చెయ్యి వాళ్ళది."

స్క్రీను మీద వెనక్కి వాలిన చిన్న గీత.
అది కుప్పను ఎత్తదు, మోయదు.
కుప్ప ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తది, అంతే.
ఉత్త పేరు ముందు పెడితే
యార్డు మొత్తానికి గంపగుత్తగ ఒక్కటే వేలు.
అదే పేరుకు బ్రాకెట్లు తొడిగితే
కుప్పకొక వేలు, నలభై ఒక్క వేళ్ళు
ఒక్కపారే లేస్తయి.
పాతాయన తొడిగే పోయిండు.
నేను పట్టనీకె పోయింది
డాలరు గుర్తున్న ఒంటి గుప్పిడితోని.
నలభై జారిపోయినయి.
ఆఖరిది చిక్కింది.

తప్పని పెర్ల్ అరవలేదు. ఎందుకరుస్తది?
ఎట్ల అడిగితే అట్లనే ఇచ్చింది.
నా చెయ్యి ఎట్లున్నదో చూసుకోనిది నేను.

డాలరు తీసేసి
తోక చుట్టుకున్న ఆట్ గుర్తు పెట్టిన, రెండు చోట్ల.
ప్రింటరు దగ్గింది.
చెన్నమ్మ. బాలకిష్టయ్య. వాని తమ్ముడు.
షెడ్డు కింద తువ్వాలలు దులిపిన చప్పుడు.

జమ్నీబాయి ఇంక పోలేదు.
ఆ మొదటి కాయితం ఆమెదే,
తండా ఆటో పోయిందని ఆగింది.
"అందరికంటె ముందు నాకే ఎట్లొచ్చింది పిల్లా?"
"వరుసల ఆఖరు నువ్వే గనక, అమ్మా."
కాసేపు నా మొఖం చూసింది.
"ఆఖరున్నోళ్ళకు ముందు ముట్టుడు
నా పుట్టువుల ఇదే చూసుడు,"
అని పండ్లన్నీ కనబడంగ నవ్వి,
"మళ్ళ చెడగొట్టు ఒకనాడు" అన్నది.

చాయ్ మీద మీగడ కట్టింది.
నలభై ఒకటోది,
ఆమెదే, రెండోపారి,
ఇప్పుడొస్తున్నది.